రెండు డిస్కుల రెయిడ్: డెబియన్ వేసేటప్పుడే పెట్టుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఒడిశా ఊళ్ళలో మన తెలుగువాళ్ళు నడుపుతున్న ఫొటో స్టూడియోలలో, డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఒకే పరిస్థితి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి చేసిన పని మొత్తం ఒకే కంప్యూటర్‌లో, ఒకే హార్డ్‌డిస్కులో ఉంటుంది. పెళ్ళి ఫొటోలు, తెలుగులోనూ ఒడియాలోనూ కూర్చిన శుభలేఖలు, ఖాతాదారుల బాకీల లెక్కలు అన్నీ అందులోనే. ఆ డిస్కు ఒక ఉదయం పలకకపోతే దుకాణం ఆగిపోతుంది. రికవరీ కోసం విశాఖపట్నమో భువనేశ్వరో పంపాలి. అక్కడ అడిగే సొమ్ము కొత్త కంప్యూటర్ ధరను మించవచ్చు. అంత ఇచ్చినా ఫైళ్ళు తిరిగి వస్తాయన్న హామీ ఉండదు.

దీనికి పరిష్కారం మరీ ఖరీదైనదేమీ కాదు. ఇంకొక డిస్కు కొని, ఆపరేటింగ్ సిస్టమ్ వేసేటప్పుడే రెండింటినీ రెయిడ్‌గా కలిపితే చాలు. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు పెట్టారు. పెద్ద ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు, చవకైనవి కొన్ని కలిపి వాడుకుని, వాటిలో ఒకటి చెడినా పని సాగేలా చూడాలన్నది వారి ప్రతిపాదన. ఈరోజు అది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రత్యేకమైన కార్డు ఏదీ అక్కర్లేదు.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఇన్‌స్టాల్ పూర్తయినంత మాత్రాన రెయిడ్ సిద్ధమైనట్టు కాదు. ఒక డిస్కు కేబుల్ తీసేసి, మిగిలిన దానితో కంప్యూటర్ లేచిందని కళ్ళారా చూడాలి. తరువాత రెండోదానితోనూ అలాగే చూడాలి. అప్పటిదాకా దాన్ని నమ్మకండి. అందుకే ఇక్కడ ఇన్‌స్టాల్ మెనూల కంటే ఆ తరువాతి పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఏ రెయిడ్?

దుకాణానికి రెయిడ్ 1 చాలు. ఒకే ఖాతాను రెండు పుస్తకాల్లో ఒకేసారి రాసుకుంటూ పోయినట్టు, ప్రతి అక్షరమూ రెండు డిస్కులలోనూ పడుతుంది. ఒక టెరాబైటువి రెండు పెడితే మీకు దక్కేది ఒక టెరాబైటే. సగం చోటు వృథా అనిపించవచ్చు కానీ, ఆ సగమే మీకు రక్షణ.

రెయిడ్ 0 జోలికి వెళ్ళవద్దు. అందులో డేటాను ముక్కలు చేసి రెండు డిస్కులకూ పంచుతారు. వేగం పెరుగుతుంది, చోటు రెట్టింపవుతుంది, కానీ రెండింటిలో ఏది పోయినా మొత్తం పోతుంది. రెయిడ్ 5కు కనీసం మూడు డిస్కులు కావాలి, ఒకటి పోయినా తట్టుకుంటుంది. అయితే పెద్ద డిస్కులతో దానిలో ఒక చిక్కుంది. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టినప్పుడు మిగిలినవాటిని మొదటి నుంచి చివరి దాకా చదవాలి. చాలా డెస్క్‌టాప్ డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ ఏమిటంటే, పదికి పద్నాలుగో ఘాతం బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించి తగలదని. బైట్లలో అది పన్నెండున్నర టెరాబైట్లు. నాలుగు టెరాబైట్ల డిస్కులు మూడు పెట్టినవాళ్ళు ఒకటి మార్చినప్పుడు ఎనిమిది టెరాబైట్లు తప్పు లేకుండా చదవాల్సి ఉంటుంది. పరిమితికి మరీ దూరమేమీ కాదు. నాలుగు డిస్కులు పెట్టగలిగితే రెయిడ్ 10 గానీ రెయిడ్ 6 గానీ మేలు. ఈ వ్యాసంలో మాత్రం రెండు డిస్కుల రెయిడ్ 1 గురించే చెబుతాను.

డిస్కులు కొనేటప్పుడు

రెండూ ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసుకోకండి. ఒకే రోజు ఒకే యంత్రం మీద తయారైన డిస్కులకు ఒకే లోపం ఉండవచ్చు, ఇంచుమించు ఒకే కాలంలో చెడవచ్చు. ఒకటి బరంపురంలో కొని, మరో కంపెనీది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. సామర్థ్యం ఒకటే ఉంటే సరిపోతుంది.

హార్డ్‌డిస్కు అయితే అది సీఎంఆర్ రకమో ఎస్‌ఎంఆర్ రకమో కంపెనీ వివరాల పత్రంలో చూడండి. ఎస్‌ఎంఆర్‌లో డేటా వరుసలు ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక వరుస మార్చాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి. రోజువారీ వాడకంలో ఆ తేడా తెలియదు. డిస్కు మార్చి రెయిడ్‌ను తిరిగి నింపేటప్పుడు మాత్రం గంటల పని రోజుల్లోకి పోతుంది. సీఎంఆర్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచే పెట్టె) కోసం తయారైన డిస్కులకు మరో మంచి గుణం ఉంది. చదవలేని చోటు తగిలినప్పుడు అవి కొద్ది సెకన్లలోనే ఓటమి ఒప్పుకుంటాయి, రెయిడ్ వెంటనే రెండో డిస్కు నుంచి ఆ భాగాన్ని తెచ్చుకుంటుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒక్కోసారి నిమిషం దాటినా పట్టు వదలదు. లినక్స్ కెర్నెల్ డిస్కు జవాబు కోసం మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ గడువు దాటితే బాగానే ఉన్న డిస్కును కూడా చెడినదిగా తీసి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ధరలో తేడా భరించగలిగితే నాస్ డిస్కులే కొనండి.

డిస్కులను పెట్టెలో బిగించే ముందు ప్రతిదాని సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. ఆ నంబరులోని చివరి నాలుగు అంకెలను చిన్న కాగితం మీద పెద్దగా రాసి, క్యాబినెట్ తలుపు తీయగానే కనిపించే అంచు మీద అతికించండి. ఒక డిస్కు చెడిన రోజున పెట్టెలో కనిపించేవి ఒకేలా ఉన్న రెండు నల్లటి దిమ్మలు. కంగారులో మంచిదాన్ని బయటికి తీసేవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఇక యూపీఎస్ తప్పనిసరి. గంజాం, గజపతి జిల్లాలలో కరెంటు సంగతి ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు స్తంభాలు కూలి ఎన్ని ఊళ్ళు చీకట్లో ఉన్నాయో అందరికీ గుర్తే. తుపాను లేని రోజుల్లోనూ కరెంటు ఒక్క క్షణం పోయి వస్తుంటుంది. ఒక డిస్కులో రాయడం ముగిసి రెండోదానిలో ముగియని ఆ క్షణంలో కరెంటు పోతే రెండు ప్రతులకూ తేడా వస్తుంది. దాన్ని సరిదిద్దే ఏర్పాటు లినక్స్‌లో ఉంది, కింద చెబుతాను. అయినా యూపీఎస్ ఉంటే ఆ అవసరమే అరుదవుతుంది. గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పిడుగుపాటుకు వోల్టేజి పొంగి వస్తే ఒకే పెట్టెలోని రెండు డిస్కులూ ఒకేసారి పోగలవు.

బయోస్‌లో చేయాల్సింది

కంప్యూటర్ ఆన్ చేసి బయోస్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్ళండి. స్టోరేజ్ లేదా సాటా అన్న భాగంలో మోడ్ దగ్గర ‘రెయిడ్’ అని ఒకటి, ‘ఏహెచ్‌సీఐ’ అని ఒకటి కనిపిస్తాయి. పేరు చూసి ‘రెయిడ్’ ఎంచుకోవద్దు, ‘ఏహెచ్‌సీఐ’ పెట్టండి.

కారణం చెబుతాను. మామూలు మదర్‌బోర్డులో రెయిడ్ కోసం ప్రత్యేకమైన ప్రాసెసర్ ఏదీ ఉండదు. బయోసూ డ్రైవరూ కలిసి చేసే పనికి రెయిడ్ అని పేరు పెట్టారు, అసలు పని చేసేది మీ కంప్యూటర్ ప్రాసెసరే. రేపు మదర్‌బోర్డు కాలిపోతే అలాంటి రెయిడ్‌ను చదవడానికి ఆ రకం బోర్డు కోసమే వెతకాలి. మన ఊళ్ళలో అది ఎంత కష్టమో తెలిసిందే. లినక్స్ రెయిడ్‌కు ఆ బాధ లేదు. డిస్కులు తీసి లినక్స్ ఉన్న మరే కంప్యూటర్‌కు తగిలించినా చదువుతుంది.

బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐగా (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఉండాలి. పాత డేటా ఉన్న ఇతర డిస్కులు, బయటి హార్డ్‌డిస్కులు ఏవైనా ఉంటే కేబుల్ తీసి పక్కన పెట్టండి. ఇన్‌స్టాల్ సమయంలో పెట్టెలో ఆ రెండు డిస్కులే ఉంటే తప్పు డిస్కు చెరిపేసే అవకాశమే ఉండదు. ఆ రెండూ ఇంతకుముందు వాడినవైతే, వాటిలో అవసరమైనది ఏదీ లేదని రెండుసార్లు చూసుకోండి.

ఇన్‌స్టాల్

నేను ఎంచుకున్నది డెబియన్ అనే లినక్స్. మరో లినక్స్ అయిన ఉబుంటు డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి రెయిడ్ తయారుచేసే సదుపాయం లేదు, ఉబుంటు సర్వర్‌లో ఉంది. డెబియన్ ఒకే ఇన్‌స్టాలర్‌లో రెయిడ్‌నూ డెస్క్‌టాప్‌నూ ఇస్తుంది. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి వైఫై వంటివాటికి కావలసిన ఫర్మ్‌వేర్ కూడా అధికారిక ఇమేజ్‌లోనే ఉంటోంది. నెట్ సరిగ్గా ఉన్నవాళ్ళు చిన్నదైన నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్, లేనివాళ్ళు డీవీడీ ఇమేజ్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

ఇక్కడ రాసిన మెనూ పేర్లు, ఆదేశాలు ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఉన్నాయి. మెనూలు తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తాయి, ఆదేశాలను చిన్న ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ‘గ్రాఫికల్ ఇన్‌స్టాల్’ ఎంచుకోండి. భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది, చూస్తే సంతోషంగా ఉంటుంది. అయినా దుకాణం కంప్యూటర్‌కు ఇంగ్లీషే పెట్టమంటాను. రేపు ఏదైనా తేడా వస్తే చూడటానికి వచ్చే కుర్రాడు తెలుగు చదవడం రానివాడు కావచ్చు. కీబోర్డు కూడా ‘అమెరికన్ ఇంగ్లీష్’ పెట్టండి. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులు తరువాత డెస్క్‌టాప్ సెట్టింగులలో కలుపుకోవచ్చు. ప్రాంతం దగ్గర భారత్ ఎంచుకోండి. రూట్ (నిర్వాహకుడి) పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా వదలకుండా ఒకటి పెట్టి రాసుకోండి, అది ఎందుకో కింద తెలుస్తుంది.

డిస్కుల విభజన తెర వచ్చాక ‘మాన్యువల్’ ఎంచుకోండి. రెండు డిస్కులూ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లతో కనిపిస్తాయి. ఎన్‌వీఎంఈ రకానివైతే పేర్లు వేరుగా ఉంటాయి, పని ఒకటే. డిస్కు పేరు మీద ఎంటర్ కొడితే కొత్త ఖాళీ విభజన పట్టిక తయారుచేయాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. రెండు డిస్కులకూ ఇలాగే.

ఇప్పుడు మొదటి డిస్కులోని ఖాళీ చోటు మీద ఎంటర్ కొట్టి మూడు భాగాలు చేయండి. మొదటిది 1 జీబీ, ‘యూజ్ యాజ్’ దగ్గర ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్’. రెండోది 120 జీబీ, ‘ఫిజికల్ వాల్యూమ్ ఫర్ రెయిడ్’. మూడోది మిగిలిన చోటులో సుమారు 2 జీబీ వదిలేసి తక్కినదంతా, ఇదీ ‘ఫిజికల్ వాల్యూమ్ ఫర్ రెయిడ్’. రెండో డిస్కులోనూ అవే కొలతలతో అవే మూడు భాగాలు.

చివర 2 జీబీ ఎందుకు వదలాలి? ఒక టెరాబైటు అని అమ్మే హార్డ్‌డిస్కులలో సాధారణంగా 1,000,204,886,016 బైట్లు ఉంటాయి. కానీ అన్ని కంపెనీలూ, ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీ తయారీదారులు, సరిగ్గా ఆ అంకెకే కట్టుబడరు. రేపు మార్చడానికి తెచ్చిన డిస్కు పాతదానికంటే కాస్త చిన్నదైనా రెయిడ్ దాన్ని చేర్చుకోదు. ఇప్పుడు వదిలిన ఆ కొంచెం చోటు అప్పుడు ఆదుకుంటుంది.

సిస్టమ్‌నూ డేటానూ వేరు చేయమన్నది కూడా ఆలోచించే. రెండేళ్ళ తరువాత కొత్త వెర్షన్ మొదటి నుంచి వేయాలనుకుంటే 120 జీబీల భాగాన్ని మాత్రమే చెరిపి, ఫొటోలున్న భాగాన్ని ముట్టుకోకుండా వదిలేయవచ్చు.

పై వరుసలో ‘కాన్ఫిగర్ సాఫ్ట్‌వేర్ రెయిడ్’ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే ఇప్పటిదాకా చేసిన మార్పులను డిస్కులలో రాయమంటారా అని అడుగుతుంది. అవును. తరువాత ‘క్రియేట్ ఎండీ డివైస్’, అందులో రెయిడ్ 1, పనిచేసే డిస్కులు 2, అదనంగా ఉంచేవి 0. ఆ తరువాత వచ్చే జాబితాలో రెండు డిస్కుల నుంచీ 120 జీబీ భాగాలకు టిక్ పెట్టండి. ఒకే డిస్కులోని రెండు భాగాలకు టిక్ పెడితే ఇన్‌స్టాలర్ ఊరుకుంటుంది కానీ రక్షణ సున్నా. పేర్ల చివర ఒకే అంకె, మధ్యలో వేర్వేరు అక్షరాలు ఉన్నాయని చూసుకోండి. మళ్ళీ అలాగే పెద్ద భాగాలతో రెండో రెయిడ్ తయారుచేసి ‘ఫినిష్’ నొక్కండి.

విభజన తెరలో ఇప్పుడు రెండు కొత్త రెయిడ్ డివైస్‌లు కనిపిస్తాయి. మొదటిదాన్ని ‘ఎక్స్‌టీ4’గా, మౌంట్ పాయింట్ (ఆ భాగం కనిపించే ఫోల్డర్) రూట్‌గా పెట్టండి. రెండోదీ ‘ఎక్స్‌టీ4’, మౌంట్ పాయింట్ ‘ఎస్‌ఆర్‌వీ’. స్వాప్ (మెమొరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) భాగం లేదని హెచ్చరిక వస్తుంది, ముందుకు వెళ్ళవచ్చు. తరువాత రూట్‌లోనే స్వాప్ ఫైలు చేసుకుంటే అదీ రెయిడ్ నీడలోనే ఉంటుంది. స్వాప్‌ను రెయిడ్ బయట ఒకే డిస్కులో పెడితే, ఆ డిస్కు పోయిన క్షణంలో నడుస్తున్న ప్రోగ్రాములు కుప్పకూలతాయి. ఇక ‘ఫినిష్ పార్టిషనింగ్’ నొక్కి, మిగిలిన ప్రశ్నలకు జవాబిస్తూ పోతే ఇన్‌స్టాల్ ముగుస్తుంది.

రెండో డిస్కు నుంచి కూడా బూట్ అవ్వాలి

అసలు కిటుకు ఇక్కడుంది. చాలామంది ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతారు. కంప్యూటర్ బాగానే నడుస్తుంది, రెండు డిస్కులూ సమానంగా ఉంటాయి, ఏ లోటూ కనిపించదు. మొదటి డిస్కు పోయిన రోజున నల్లటి తెర మీద బూట్ చేయడానికి ఏమీ దొరకలేదన్న వాక్యం వస్తుంది. డేటా మొత్తం రెండో డిస్కులో భద్రంగానే ఉన్నా కంప్యూటర్ లేవదు.

యూఈఎఫ్‌ఐకి లినక్స్ రెయిడ్ అంటే ఏమిటో తెలియదు. దానికి చదవడం వచ్చింది ఫ్యాట్ రకం ఈఎఫ్‌ఐ భాగాన్నే. అందుకే ఆ భాగాన్ని రెయిడ్ బయట ఉంచాం. రెండు డిస్కులలోనూ దాన్ని చేసినా, ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్ళను ఒకదానిలోనే పెడుతుంది. రెండోది ఖాళీగా ఉంటుంది. దాన్ని మనమే నింపాలి.

టెర్మినల్ తెరిచి రూట్ అధికారంతో ఈ మూడు పనులు చేయండి.

ముందుగా ‘డీపీకేజీ-రీకాన్ఫిగర్’ ఆదేశాన్ని ‘గ్రబ్-ఈఎఫ్‌ఐ-ఏఎండీ64’ ప్యాకేజీ మీద నడపండి. అది అడిగే ప్రశ్నల్లో, తొలగించగల మీడియా దారిలో కూడా అదనంగా గ్రబ్ (లినక్స్‌ను లేపే ప్రోగ్రాం) పెట్టాలా అన్నది ఒకటి. అవునని చెప్పండి. దీనితో ఈఎఫ్‌ఐ భాగంలోని ‘బూట్’ ఫోల్డర్‌లో ‘బూట్‌ఎక్స్64’ అన్న ఫైలు చేరుతుంది. ఫర్మ్‌వేర్ జాబితాలో పేరు లేని డిస్కు నుంచి కూడా యూఈఎఫ్‌ఐ వెతికేది ఈ ఫైలునే.

తరువాత రెండో డిస్కులోని మొదటి భాగాన్ని ‘ఎంఎన్‌టీ’ ఫోల్డర్‌లో మౌంట్ చేసి, బూట్ ఫోల్డర్‌లోని ‘ఈఎఫ్‌ఐ’ మౌంట్‌లో ఉన్నదంతా ‘సీపీ’ ఆదేశంతో అందులోకి కాపీ చేయండి. ఇన్‌స్టాలర్ ఆ భాగాన్ని ఫార్మాట్ చేయకపోతే ముందు ‘ఎంకేఎఫ్‌ఎస్ డాట్ వీఫ్యాట్’తో ఫ్యాట్ 32గా ఫార్మాట్ చేయాలి. గ్రబ్, షిమ్ ప్యాకేజీలకు కొత్త వెర్షన్లు వచ్చినప్పుడల్లా ఈ కాపీ మళ్ళీ చేయడం మరవకండి.

మూడో పని చిన్నది, కానీ దీన్ని వదిలేస్తే పై రెండూ చేసినా ఫలితం ఉండదు. ‘ఈటీసీ’ ఫోల్డర్‌లోని ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైలు తెరిచి, ఈఎఫ్‌ఐ మౌంట్ ఉన్న వరుసలో ఐచ్ఛికాల దగ్గర కామా పెట్టి ‘నోఫెయిల్’ అని చేర్చండి. ఆ వరుస మొదటి డిస్కులోని ఈఎఫ్‌ఐ భాగాన్ని దాని ప్రత్యేక సంఖ్యతో వెతుకుతుంది. ఆ డిస్కే లేనప్పుడు సిస్టమ్ సుమారు 90 సెకన్లు ఎదురుచూసి, దొరకలేదని అత్యవసర తెరకు వెళ్ళి ఆగిపోతుంది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇన్‌స్టాల్‌లో దాన్ని ఖాళీగా వదిలినవాళ్ళకు అక్కడినుంచి ముందుకు దారి ఉండదు. ‘నోఫెయిల్’ అన్న ఆ ఒక్క మాట ఉంటే ఆ భాగం లేకపోయినా బూట్ ముందుకు సాగుతుంది.

ఉబుంటు సర్వర్ వేసేవాళ్ళకు ఈ శ్రమ తక్కువ. ‘కస్టమ్ స్టోరేజ్ లేఅవుట్’లో మొదటి డిస్కును బూట్ డివైస్‌గా, రెండోదాన్ని అదనపు బూట్ డివైస్‌గా చేర్చే సదుపాయం ఇన్‌స్టాలర్‌లోనే ఉంది. రెండు చోట్లా గ్రబ్ అదే పెడుతుంది. పరీక్ష మాత్రం వాళ్ళకూ తప్పదు.

పరీక్ష

ముందు రెయిడ్ పూర్తిగా నిండాలి. ఇన్‌స్టాల్ అయిన తరువాత కూడా లినక్స్ వెనకాల రెండు డిస్కులనూ మొదటి నుంచి చివరి దాకా సమానం చేస్తూ ఉంటుంది. సెకనుకు 150 ఎంబీ వేగం అనుకున్నా ఒక టెరాబైటుకు దాదాపు రెండు గంటలు పడుతుంది. ఈలోగా కంప్యూటర్ వాడుకోవచ్చు, డిస్కు మాత్రం తీయకూడదు.

ఎంత అయిందో చూడాలంటే ‘క్యాట్’ ఆదేశంతో ‘ప్రాక్’ ఫోల్డర్‌లోని ‘ఎండీస్టాట్’ ఫైలును చదవండి. ప్రతి రెయిడ్‌కూ చదరపు కుండలీకరణాలలో రెండు ‘యూ’ అక్షరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండు ‘యూ’లు ఉంటే రెండు డిస్కులూ పనిచేస్తున్నట్టు. ఒకదాని బదులు కింద గీత ఉంటే ఒక డిస్కు లేనట్టు. పని జరుగుతుంటే కింద శాతమూ, మిగిలిన నిమిషాలూ ఉంటాయి.

అక్కడే ‘బిట్‌మ్యాప్’ అన్న వరుస కూడా ఉందేమో చూడండి. కరెంటు పోయినప్పుడు ఆదుకునే ఏర్పాటు అన్నది ఇదే. ఏ ప్రాంతంలో రాత జరుగుతోందో లినక్స్ ఇందులో ముందుగా గుర్తు పెట్టుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినప్పుడు డిస్కు మొత్తం పోల్చకుండా గుర్తు ఉన్న చోట్లే సరిచేస్తుంది. గంటల పని సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో పూర్తవుతుంది. ఆ వరుస లేకపోతే రెయిడ్‌ను నిర్వహించే ‘ఎండీఏడీఎం’ ఆదేశాన్ని ‘గ్రో’ పద్ధతిలో, బిట్‌మ్యాప్ విలువ ‘ఇంటర్నల్’ అని ఇచ్చి ఆ రెయిడ్ మీద నడపండి. మన కరెంటుకు ఇది లేకుండా ఉండకూడదు.

రెండు రెయిడ్‌లూ నిండాక కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, మొదటి డిస్కు డేటా కేబుల్ ఊడదీయండి. ఆన్ చేయండి. కొంతసేపు తెర కదలకపోవచ్చు, లేని డిస్కు కోసం సిస్టమ్ చూస్తుంటుంది. ఓపిక పట్టండి. లాగిన్ తెర వచ్చిందంటే గండం గడిచింది. ‘ఎండీస్టాట్’లో ఇప్పుడు ఒక ‘యూ’, ఒక గీత ఉంటాయి.

మళ్ళీ ఆపి కేబుల్ తగిలించి ఆన్ చేయండి. లేనప్పుడు వెనకబడిన డిస్కును రెయిడ్ తనంతట తాను కలుపుకోకపోవచ్చు. అప్పుడు ‘ఎండీఏడీఎం’ను ‘మేనేజ్’ పద్ధతిలో, రెయిడ్ పేరూ ‘రీ-యాడ్’ ఐచ్ఛికమూ ఆ డిస్కు భాగం పేరూ ఇచ్చి నడపండి. రెండు రెయిడ్‌లకూ విడివిడిగా చేయాలి. బిట్‌మ్యాప్ ఉంటే ఇది వెంటనే ముగుస్తుంది.

తరువాతి మాట చాలా జాగ్రత్తగా చదవండి. రెండు ‘యూ’లూ తిరిగి కనిపించేదాకా రెండో డిస్కు కేబుల్ ముట్టుకోవద్దు. మొదటిది లేకుండా ఒకసారి, సమానం కాకముందే రెండోది లేకుండా ఒకసారి నడిపితే, రెండు డిస్కులూ తమ తమ దారిన వేర్వేరు మార్పులు రాసుకుంటాయి. అప్పుడు ఏది సరైన ప్రతో తేల్చడం మీ మీద పడుతుంది, ఒకదానిలో చేసిన పని పోతుంది. పరీక్షను ఖాళీ సిస్టమ్ మీదే, ఫొటోలు ఎక్కించక ముందే చేయమనడం ఇందుకే.

రెండు ‘యూ’లూ వచ్చాక రెండో డిస్కు తీసి ఇదే పరీక్ష మళ్ళీ చేయండి. రెండు వైపులా లేచాకే మీ ఫైళ్ళను దానిలోకి ఎక్కించండి.

చెడినట్టు తెలియాలి

రెయిడ్ 1లో ఒక డిస్కు పోతే ఏమీ జరిగినట్టు ఉండదు. అదే దాని గొప్పతనం, అదే దాని ప్రమాదం. ఎవరూ గమనించకుండా నెలలు గడిచి, రెండోదీ పోతే అప్పుడు తెలుస్తుంది. మెయిల్ పంపే ఏర్పాటు ఉన్నవాళ్ళు ‘ఎండీఏడీఎం’ కాన్ఫిగరేషన్ ఫైలులో తమ చిరునామా పెట్టుకుంటే డిస్కు పోగానే మెయిల్ వస్తుంది. దాన్ని ‘మానిటర్’ పద్ధతిలో ‘స్కాన్’, ‘టెస్ట్’, ‘వన్‌షాట్’ ఐచ్ఛికాలతో నడిపి ప్రయోగాత్మకంగా ఒక మెయిల్ వచ్చేలా చేసి చూడాలి. మెయిల్ ఏర్పాటు లేని దుకాణంలో సోమవారం పొద్దున్నే షట్టర్ ఎత్తాక ‘ఎండీస్టాట్’ చూసే అలవాటు చేసుకోండి. డిస్కు ఆరోగ్యం చూపే ‘స్మార్ట్‌మాన్‌టూల్స్’ కూడా వేసుకుని ప్రతి డిస్కులో తిరిగి కేటాయించిన సెక్టార్ల సంఖ్య, తీర్మానం కోసం వేచి ఉన్న సెక్టార్ల సంఖ్య చూడండి. సున్నాగా ఉన్నది పెరగడం మొదలుపెడితే కొత్త డిస్కు తెప్పించే వేళ అయినట్టే.

పర్లాకిమిడిలో ఒక స్టూడియో యజమాని నన్ను అడిగారు, ‘‘రెండు డిస్కులు పెట్టాం కదండీ, మళ్ళీ బయటి హార్డ్‌డిస్కు ఖర్చు ఎందుకు?’’ అని. మీరు పొరపాటున ఒక పెళ్ళి ఫోల్డర్ తొలగిస్తే అది రెండు డిస్కులలోనూ అదే క్షణంలో పోతుంది. ఫైళ్ళను తాళం వేసి డబ్బు అడిగే వైరస్ సోకితే రెండు ప్రతులకూ తాళం పడుతుంది. వరద నీరు దుకాణంలోకి వస్తే పెట్టె మొత్తం మునుగుతుంది. డిస్కు చెడిన రోజున దుకాణం ఆగకుండా చూడటం వరకే రెయిడ్ పని. అందుకే బయటి డిస్కులోకి వారానికోసారి కాపీ తీసి, దాన్ని వేరే ఇంట్లో ఉంచండి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చుట్టాలుంటే, పండగకు వెళ్ళినప్పుడు ఇంకొక కాపీ అక్కడ ఇచ్చి రావచ్చు.

విండోస్ సంగతి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ తప్పనివాళ్ళు ఉంటారు. విండోస్ 10, 11 ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి రెయిడ్ చేసే మెనూ లేదు. ప్రో ఎడిషన్ వేసిన తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డైనమిక్ డిస్కులుగా మార్చి మిర్రర్ కలపవచ్చు, కానీ యూఈఎఫ్‌ఐలో ఈఎఫ్‌ఐ భాగాన్ని రెండో డిస్కులోకి తేవడం డెబియన్ కంటే చిక్కైన పని. నా సలహా వేరు. విండోస్‌ను ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో ఉంచి, ఫైళ్ళన్నీ డెబియన్ రెయిడ్ ఉన్న కంప్యూటర్‌లో సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కు చూపే ప్రోగ్రాం) ద్వారా పంచుకోండి. విండోస్ కంప్యూటర్ పోయినా మళ్ళీ వేసుకోవడమే తప్ప మీ ఫైళ్ళకు నష్టం ఉండదు. బిల్లింగ్ డేటాబేస్‌ను మాత్రం రోజూ దుకాణం మూసే ముందు ఆ పంచుకున్న ఫోల్డర్‌లోకి బ్యాకప్ తీయండి.

డిస్కు పోయిన రోజు

‘ఎండీస్టాట్’లో గీత కనిపించింది. ముందుగా బయటి డిస్కులోకి తాజా కాపీ తీయండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఒకే ప్రతి.

‘స్మార్ట్‌సీటీఎల్’ ఆదేశంతో పనిచేస్తున్న డిస్కు సీరియల్ నంబరు చూడండి. చెడినది పూర్తిగా మూగబోయి నంబరు చెప్పకపోవచ్చు కాబట్టి బతికున్నదాని నంబరు తెలుసుకోవడమే నమ్మకమైన దారి. పెట్టె తెరిచి, ఆ నంబరు లేని డిస్కును తీయండి. కొత్తది బిగించి ఆన్ చేయండి.

కొత్త డిస్కులో అవే మూడు భాగాలు కావాలి. ‘ఎస్‌జీడిస్క్’తో పట్టికను కాపీ చేయవచ్చు. పెద్ద ‘ఆర్’ ఐచ్ఛికం పక్కన రావాల్సింది కొత్త డిస్కు పేరు, ఆ తరువాత వచ్చేది పాతదాని పేరు. ఇది తారుమారైతే మంచి డిస్కు మీద ఖాళీ పట్టిక పడుతుంది. ఎంటర్ కొట్టే ముందు ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ నడిపి ఏ పేరు ఏ డిస్కుదో మరోసారి చూసుకోండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకు పైకి చదివి వినిపించండి. కాపీ అయ్యాక పెద్ద ‘జీ’ ఐచ్ఛికంతో కొత్త డిస్కుకు వేరే గుర్తింపు సంఖ్యలు ఇవ్వండి.

తరువాత ‘ఎండీఏడీఎం’ మేనేజ్ పద్ధతిలో, ఈసారి ‘యాడ్’ ఐచ్ఛికంతో, రెండో భాగాన్ని సిస్టమ్ రెయిడ్‌కూ మూడో భాగాన్ని డేటా రెయిడ్‌కూ చేర్చండి. నింపడం దానంతట అదే మొదలవుతుంది. ఆ గంటల్లో పెద్ద పనులు పెట్టుకోకపోతే త్వరగా అవుతుంది. ఈలోగా కొత్త డిస్కు మొదటి భాగాన్ని ఫ్యాట్ 32గా ఫార్మాట్ చేసి, బతికున్న డిస్కులోని ఈఎఫ్‌ఐ భాగం నుంచి ఫైళ్ళను అందులోకి కాపీ చేయండి. పోయింది మొదటి డిస్కే అయితే ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’లోని ఈఎఫ్‌ఐ వరుసలో పాత ప్రత్యేక సంఖ్య తీసేసి, ‘బీఎల్‌కేఐడీ’ చూపించే కొత్త సంఖ్య పెట్టాలి, ‘నోఫెయిల్’ అలాగే ఉండాలి. రెండు ‘యూ’లు వచ్చాక పాత డిస్కు కేబుల్ తీసి, కొత్త డిస్కు ఒక్కదానితో ఒకసారి బూట్ చేసి చూడండి. తరువాత కేబుల్ తిరిగి తగిలించి రెండింటినీ మళ్ళీ సమానం చేయండి. క్యాబినెట్ అంచున ఉన్న కాగితం మీద పాత సీరియల్ నంబరు కొట్టేసి కొత్తది రాసి అతికించండి.